ఎవరి పనికి వారి పేరు



నిజాయితీ అనగానే మనకు లంచాలు, కుంభకోణాలు గుర్తుకు వస్తాయి. అవన్నీ పెద్దవాళ్ళ సంగతులని అనుకొని ఊరట పొందుతాము. కాని నిజాయితీకి అసలు పరీక్ష రోజూ మన చేతుల మీదుగా జరిగిపోయే చిన్న పనుల్లోనే ఉంది. దీనికి సాక్ష్యం కోసం దూరం వెళ్ళనక్కరలేదు. మన ఓరుగల్లు ప్రాంతపు బమ్మెర పోతనను తలచుకోండి.

పోతన 15వ శతాబ్దపు కవి. తండ్రి కేసన, తల్లి లక్కమాంబ, అన్న తిప్పన. ఆయనది కడప వైపు ఒంటిమిట్ట అని వాదించిన పండితులూ ఉన్నారు. ఆయన ఇంటిపేరుగల బమ్మెర గ్రామం మాత్రం పాలకుర్తి దగ్గర ఉంది. 2016 వరకు అది వరంగల్ జిల్లాలోనిది, ఇప్పుడు జనగామ జిల్లాలోనిది.

ఆ రోజుల్లో కావ్యాన్ని రాజుకు అంకితమిస్తే అగ్రహారాలు, పల్లకీలు దక్కేవి. పోతన తన భాగవతాన్ని తాను కొలిచిన దేవునికే అంకితం చేశాడు. రాచకొండ ప్రభువు సింగభూపాలుడు అడిగినా ఇవ్వలేదని, నాగలి పట్టి సేద్యం చేసుకొని బతికాడని జనం చెప్పుకుంటారు. ఇది మీకు తెలిసిన కథే.

మరొక కథ కూడా ప్రచారంలో ఉంది. గజేంద్రుని కథలో ఒక పద్యం మొదలుపెట్టి, ముందుకు సాగక, పోతన బయటికి వెళ్ళాడట. తిరిగి వచ్చేసరికి పద్యం పూర్తయి ఉంది. నాన్నా, నీవే వచ్చి రాసి వెళ్ళావు కదా అని కూతురు చెప్పినా, అది తన రాత కాదని ఆయన ఒప్పుకున్నాడట. ఇది చరిత్ర కాకపోవచ్చు. అయినా, తనది కానిదానిని తనదని చెప్పుకోని మనిషిగానే జనం ఆయనను గుర్తుంచుకున్నారు.

ఇక గ్రంథంలోనే కనిపించే సంగతి చూడండి. భాగవతంలోని 12 స్కంధాలూ పోతన రచనలు కావు. 5వ స్కంధం గంగన, 6వది ఏర్చూరి సింగన, 11, 12 స్కంధాలు వెలిగందల నారయ రాశారు. ప్రతి స్కంధం చివర, రాసినవాని పేరు తెలిపే చిన్న గద్యం ఉంటుంది. కథ వినేవారు దానిని పెద్దగా పట్టించుకోరు. అక్కడ పోతన పేరే పెట్టి ఉంటే అడిగేవారెవరు? గ్రంథమంతా ఒక్క మహాకవిదేనన్న గొప్ప దానికి దక్కేది. అయినా ముగ్గురూ ఎవరి భాగానికి వారి పేరే పెట్టుకున్నారు. తరువాత తాటాకులపై నకళ్ళు రాసినవారూ ఆ పేర్లను నిలిపి ఉంచారు. అందుకే ఇన్ని శతాబ్దాల తరువాత కూడా ఎవరి పని ఏదో మనకు తెలుస్తోంది.

మరి మన సంగతి ఏమిటి? తండ్రి గీసిన బొమ్మ కింద పిల్లవాడి పేరు రాసి బడికి పంపుతాము. తోటి ఉద్యోగి తయారుచేసిన కాగితం మీద మన సంతకం పెట్టి పై అధికారికి చూపుతాము. పాత బియ్యంలో కొత్తవి కలిపి పాత బియ్యం ధరకే అమ్ముతాము. సంఘం లెక్కల్లో రసీదు లేని పది రూపాయలను ఇతర ఖర్చుల్లో రాస్తాము. ఇంత చిన్నదానికి ఏమవుతుందిలే అంటాము. కాని ఎవరూ సరిచూడని చోటనే ఒకరి నమ్మకం మరొకరి చేతిలో ఉంటుంది. ఆ పిల్లవాడికి రెండు మార్కులు ఎక్కువ వస్తాయి, నిజమే. దానితోపాటు అబద్ధాన్ని ఇంట్లోనే నేర్చుకుంటాడు.

నిజం చెబితే కొంత పోతుంది. పోతన అగ్రహారం పోగొట్టుకున్నాడు, మనకు రెండు మార్కులో పది రూపాయలో పోతాయి. ఈ వారం మీ చేతిలోని ఏ కాగితం మీదైనా సంతకం చేసేముందు, ఈ పని నిజంగా ఎవరిదని ఒక్కసారి అడగండి. వారి పేరే రాయండి.