పేరు మిగలని అవ్వ... ప్రాణాలు నిలిపిన ఆకు

గుండెజబ్బు ఉన్న పెద్దవాళ్ల ఇళ్లలో డిగాక్సిన్ మాత్ర పేరు చాలామంది వినే ఉంటారు. ఆ చిన్న మాత్ర వెనుక ఓ విషపు మొక్క ఉంది, ఓ ముసలావిడ ఇంటివైద్యం ఉంది. దాన్ని కొట్టిపారెయ్యకుండా పదేళ్లు పరీక్షించిన డాక్టరూ ఉన్నారు. ఆయనే విలియం విదరింగ్.

1741లో ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ ప్రాంతంలో, వెల్లింగ్టన్ అనే ఊళ్లో పుట్టారాయన. 1766లో ఎడింబరోలో డాక్టరు పట్టా పుచ్చుకున్నారు. చదువుకునే రోజుల్లో మొక్కల శాస్త్రమంటే ఆయనకు బొత్తిగా గిట్టేది కాదట! స్టాఫర్డ్‌లో ప్రాక్టీసు పెట్టాక హెలెనా కుక్స్ అనే అమ్మాయికి వైద్యం చేశారు. ఆమెకు పూలబొమ్మలు వెయ్యడమంటే ఇష్టం. ఆమె కోసం పూలు ఏరి తెస్తూ తెస్తూ తనూ మొక్కల ప్రేమలో పడ్డారు. 1772లో ఇద్దరికీ పెళ్లయింది. నాలుగేళ్లకే బ్రిటన్ మొక్కల మీద పెద్ద గ్రంథం రాసేశారు.

అసలు కథ 1775లో మొదలైంది. ఒళ్లంతా నీరుపట్టి డాక్టర్లు చేతులెత్తేసిన కొందరికి ష్రాప్‌షైర్‌లో ఓ ముసలావిడ మందు పనిచేస్తోందని, దానిమీద అభిప్రాయం చెప్పమని ఆయన్ని అడిగారు. అది వాళ్లింట్లో రహస్యంగా దాచుకున్న మందు. ఇరవై రకాల దాకా మూలికలు ఉన్నాయందులో. తాగితే వాంతులు, విరేచనాలు పట్టుకునేవి. మరొకరైతే నాటువైద్యమని నవ్వేసేవారే. మొక్కలు తెలిసిన విదరింగ్ మాత్రం అందులో పనిచేసేది ఫాక్స్‌గ్లవ్ ఒక్కటేనని పట్టేశారు. వేలికి తొడుక్కునేలా ఉండే ఊదారంగు గంటల పూల మొక్క అది. డిజిటాలిస్ అన్న శాస్త్రీయనామం కూడా వేలు అనే లాటిన్ మాట నుంచే వచ్చింది.

చిక్కల్లా మోతాదు దగ్గరే. కాస్త తక్కువైతే గుణం ఉండదు, కాస్త ఎక్కువైతే ప్రాణం పోతుంది. ఆకు బలం రుతువును బట్టి మారిపోతుంది. అందుకని మొక్క పూతకొచ్చినప్పుడే ఆకు కోయించి, ఈనె తీసి, ఎండబెట్టి, పొడి చేయించేవారు. కొద్దికొద్దిగా ఇస్తూ, వాంతి వచ్చినా నాడి నెమ్మదించినా వెంటనే ఆపించేవారు. మోతాదు మించితే చూపు చెదిరి, వస్తువులు పచ్చగా, పసుప్పచ్చగా కనిపిస్తాయనీ రాసిపెట్టారు. పదేళ్ల అనుభవాన్ని 1785లో పుస్తకంగా తెచ్చారు. నయమైనవాళ్లతోపాటు నయం కానివాళ్ల సంగతీ దాచకుండా రాశారు. ఈ మందు ముఖ్యంగా ఒంట్లో నీటిని తీసేస్తుందని అనుకున్నా, గుండె మీద దాని ప్రభావాన్నీ గమనించారు.

ఆయన ఛాతీజబ్బుతో బాధపడి 1799లో కన్నుమూశారు. ఆకులోని అసలు సారమేమిటో అప్పటికింకా తెలియదు. 1869లో ఫ్రాన్సులో నతివెల్ దాన్ని స్ఫటికాలుగా విడదీశారు. 1875లో జర్మన్ శాస్త్రవేత్త ష్మీడెబెర్గ్ డిజిటాక్సిన్‌ను వేరుచేశారు. 1930లో ఇంగ్లండులో సిడ్నీ స్మిత్, నూగు ఉండే మరో రకం ఫాక్స్‌గ్లవ్ ఆకు నుంచి డిగాక్సిన్ తీశారు. దాంతో ఆకుపొడిని అంచనాగా ఇచ్చే అవస్థ తప్పింది. తూకం ప్రకారం, ప్రతిసారీ ఒకే బలంతో ఇచ్చే వీలు కలిగింది. అయినా మోతాదుకీ విషానికీ మధ్య దూరం ఇప్పటికీ తక్కువే. కనుక ఈ మాత్ర వాడేవారు సొంతంగా పెంచడం, తగ్గించడం కూడదు. వాంతులు, చూపులో తేడా, నాడి మందగించడం కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి.

విదరింగ్ తన పుస్తకంలో ఆ ముసలావిడ ప్రస్తావన తెచ్చారు గానీ పేరు రాయలేదు. 20వ శతాబ్దంలో ఓ మందుల కంపెనీ ప్రకటన ఆమెకో పేరు తగిలించింది. అది కల్పితమని తర్వాత తేలింది. విదరింగ్ స్మారకఫలకం మీద ఫాక్స్‌గ్లవ్ పూలు చెక్కారు. ఏ ఫలకమూ లేని ఆ అవ్వ వంటింటి మందు మాత్రం రెండు శతాబ్దాలు దాటినా ఎన్నో గుండెలను కాపాడుతూనే ఉంది.