హాల్డేను పండితుడును మన మేనరికములును

మాఘమాసము ప్రవేశించినదనిన సింగరాయకొండ ప్రాంతమున పెండ్లిపందిరి లేని వీథి యరుదు. కొండమీది వరాహలక్ష్మీనరసింహస్వామి సన్నిధిని ముహూర్తము పెట్టుకొనువారు కొందఱు, ఇంటిముంగిటనే పందిరి వేసికొనువారు కొందఱు. ఏ పందిరిలోనైనను కొంతసేపు కూర్చుండి వధూవరుల బంధుత్వమును విచారించినచో, మేనమామకు అక్కకూతురనియో, మేనత్తకొడుకునకు మేనమామకూతురనియో సమాధానము తఱచుగా వినవచ్చును. పిల్ల కన్నుల యెదుట నుండును. అత్తమామలు క్రొత్తవారు కారు. పసుపుకుంకుమల క్రింద వ్రాసియిచ్చిన మిరపచేను పరుల పాలు గాదు. మేనరికమునకు మనవారు చెప్పు కారణము లివి. వీనిలో అసత్య మేమియు లేదు. అయితే ఆ పందిరిలో నెవరును వేయని లెక్క యొకటి కలదు. ఆ లెక్కను లోకమునకు నేర్పినవారిలో ముఖ్యుడైన యొక మహానుభావుడు, పుట్టుకచే నాంగ్లేయుడయ్యును, భారతీయుడుగా మరణించి, తన దేహమును మన కాకినాడకు అప్పగించి పోయిన సంగతి మన పాఠకులలో ననేకు లెఱుగరు. ఆయన చరిత్రమును నేడు కొంత ముచ్చటించెదము.

ఆయన పేరు జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేను. 1892వ సంవత్సరము నవంబరు 5వ తేదీన ఆక్సుఫర్డు నగరమున జన్మించిరి. తండ్రి జాన్ స్కాట్ హాల్డేను శ్వాసక్రియను గూర్చి పరిశోధించిన శాస్త్రజ్ఞుడు. గనులలో చేరు విషవాయువుల స్వభావము తెలిసికొనుటకై తానే లోనికి దిగి ఆ గాలిని పీల్చి చూచువాడు. బాలుడైన కుమారుని గూడ వెంటబెట్టుకొని పోవువాడు. పరుల శరీరముపై పరీక్ష చేయుటకు ముందు తన శరీరముపై చేసికొనవలె నను నియమము కుమారునకు తండ్రి నుండి సంక్రమించిన ఆస్తి. 1939లో థేటిస్ అను జలాంతర్గామి నౌక మునిగి 99 మంది మరణించినప్పుడు, వారి మరణకారణము నెఱుగుటకై హాల్డేనుగారు తామే ఇనుపగదిలో చొచ్చి అధికవాయుపీడనమునకు లోనైరి. అట్టి పరీక్షలలో వారి వెన్నుపూసలు చితికినవి, కర్ణభేరి చిల్లుపడినది. పొగచుట్ట కాల్చి ఆ చెవిలోనుండి పొగ విడిచి చూపరులను నవ్వించువారని చెప్పుదురు!

బాల్యముననే అన్నాచెల్లెండ్రు హాల్డేను, నయోమీ యిరువురును ఇంటితోటలో గినీపందులను పెంచి, ఏ రంగు తల్లిదండ్రులకు ఏ రంగు పిల్లలు పుట్టుచున్నవో వ్రాసిపెట్టుకొనిరి. ఆస్ట్రియా రాజ్యములోని బ్రున్ నగర మఠవాసి గ్రెగర్ మెండెలు బఠాణీ మొక్కలతో కనుగొని 1866లో ప్రకటించిన సూత్రములు, ముప్పదినాలుగేండ్లు లోకముచే మఱవబడి, 1900లో మరల వెలుగు చూచినవి. వానిని జంతువులలో పరీక్షించుట అప్పటికి క్రొత్త విద్య. హాల్డేనుగారు చెల్లెలితోను, స్ప్రంట్ అను మిత్రునితోను గలసి చుంచులపై చేసిన పరిశోధన 1915లో అచ్చుపడినది. అప్పటికే ఆ మిత్రుడు ప్రపంచయుద్ధమునకు బలియయ్యెను. హాల్డేనుగారును సైనికులై ఫ్రాన్సునందును మెసపటోమియాయందును గాయపడిరి. ఆ గాయములు మానుటకై వారిని పంపిన దేశము మనదే. పాలకజాతివారు మనయెడ చూపు పోకడ వారికి రోత పుట్టించినది. మరల ఈ దేశమున అడుగిడుట యన్నచో మనతో సమానుడుగా మాత్రమే యని యప్పుడే నిశ్చయించుకొనిరి. ఆ నిశ్చయము ఫలించుటకు నలువదేండ్లు పట్టినది.

మెండెలు సూత్రమును తెలియుటకు మన మిరపచేను చాలును. ఎఱ్ఱని పండునిచ్చు జాతిని పసుపుపచ్చని పండునిచ్చు జాతితో సంకరము చేసిన, మొదటితరమున పండ్లన్నియు నెఱ్ఱనివే యగును. పసుపు నశించినదని రైతు తలచును. ఆ మొదటితరపు మొక్కలను తమలో తాము ఫలింపజేసి గింజలు నాటిన, నాల్గింట నొకటి మరల పసుపుపచ్చగా పండును. పసుపు నశింపలేదు, ఎఱుపుచాటున దాగియుండెను. ప్రతి గుణమునకును ప్రాణి తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి, రెండేసి జన్యువులను పొందును. ఎఱ్ఱరంగును తయారుచేయు జన్యువు ఒక్కటి సరిగా నున్నను కాయ యెఱ్ఱబడుటకు చాలును. హాల్డేనుగారు పూలరంగుల పరిశోధనను ప్రోత్సహించి, జన్యువు జీవరసాయనముల ద్వారా పనిచేయు నను భావమును బలపఱచిరి. దేహమందలి దాదాపు ప్రతి కణమునను అన్ని జన్యువులును ఉన్నను, కంటిలో మేల్కొని యుండునది కాలేయమున నిద్రించియుండు నని తరువాతివారు విశదపఱచిరి.

యుద్ధానంతరమున హాల్డేనుగారు కేంబ్రిడ్జిలోను, 1933 నుండి లండను యూనివర్సిటీ కాలేజీలోను పనిచేసిరి. ఆయనకు గణితము చేతిలోని కత్తి. 1924 మొదలుకొని ప్రకటించిన వ్యాసపరంపరలో, ఒక జన్యువు స్వల్పమైన మేలు చేసినను ఎన్ని తరములకు జాతియందంతటను వ్యాపించునో లెక్కగట్టిరి. డార్విను సిద్ధాంతమును మెండెలు సూత్రములతో ముడివేసిన మువ్వురిలో ఫిషరు, రైటు పండితులతోపాటు ఆయన యొకరు. జన్యువు అప్పుడప్పుడు తనంతట తానే మాఱును. గాయమైన రక్తము గడ్డకట్టని హీమోఫీలియా యను జబ్బును ఆధారముగా గొని, ఆ మార్పు తరమునకు సుమారు 50,000 ప్రతులలో ఒకదానియందు కలుగునని 1935లో అంచనా వేసిరి. మనుష్యునిలో నిట్టి అంచనా వేసినవారిలో ఆయనయే మొదటివారు. అట్టి మార్పులు తల్లినుండి కంటె తండ్రినుండియే హెచ్చుగా వచ్చునని 1947లో ఊహించిరి. నేటి పరీక్షలు దానిని స్థిరపఱచినవి. బిడ్డ లోపమునకు తల్లినే నిందించు మన యత్తగారు లీ సంగతి వినదగును. రక్తహీనత కలిగించు చెడుజన్యువు ఒక్క ప్రతి మాత్రమే యున్నచో మలేరియానుండి రక్షణ నొసగవచ్చునని 1949లో సూచించిరి. దీనికి సజాతీయమైన కొడవలికణ వ్యాధి మన మన్యసీమలలో నేటికిని కలదు.

ఇంత చెప్పి యొక దోషమును కప్పిపుచ్చుట న్యాయము గాదు. హాల్డేనుగారు కమ్యూనిస్టులు. సోవియెట్ రష్యాలో లైసెంకో యనువాడు మెండెలు విద్యను నిషేధింపజేసి, వావిలోవు వంటి మహాపండితుడు చెఱసాలలో 1943లో మరణించియుండగా, హాల్డేనుగారు నోరు విప్పి ఖండించుటకు తటపటాయించిరి. 1950 ప్రాంతమున ఆ పక్షమును విడిచిరి గాని, తన తలపై ప్రయోగములు చేసికొన వెనుదీయని ధీరుడు తన పక్షమువారిని నిలదీయుటకు జంకుట మాకు కష్టముగా నున్నది.

ఇక మేనరికమునకు వత్తము. 1939లో హాల్డేనుగారు మోషిన్‌స్కీ యను సహపరిశోధకురాలితో గలసి దగ్గఱిచుట్టముల వివాహములను గూర్చి గణితవ్యాస మొకటి ప్రకటించిరి. దానిలోని సారమును మన పందిరి భాషలో చెప్పెదము. ఏదో యొక చెడుజన్యువు, పుట్టుచెవుడు కలిగించునది యనుకొందము, జనములో నూఱు ప్రతులకు ఒకటి చొప్పున నున్నది. ఒక్క ప్రతి గలవానికి ఏ బాధయు లేదు. రెండు ప్రతులు చేరిన బిడ్డకే చెవుడు. బంధుత్వము లేని దంపతులకు అట్టి బిడ్డ కలుగుట నూఱింట నూఱవవంతు, అనగా పదివేలమందిలో నొకరు. మేనత్తమేనమామ బిడ్డలు పెండ్లాడినచో, వారి సంతానమున రెండు ప్రతులును ఒకే తాతదో అవ్వదో యగు నవకాశము పదునాఱింట నొకటి. లెక్క కట్టిన పదివేలకు ఏడుగురగుదురు. మేనమామ అక్కకూతురిని చేసికొన్నచో ఆ యవకాశము ఎనిమిదింట నొకటి, పదివేలకు పదుమువ్వురు. చెడుజన్యువు వేయింట నొక్కటియే యైనచో, అనగా జబ్బు మఱింత యరుదైనదైనచో, మేనరికమున దాని పాలు అఱువదిరెట్లకు మించిపోవును. అందుచేతనే వైద్యులు పేరుకూడ వినని జబ్బులు దగ్గఱి సంబంధములవారి యిండ్లలో కనబడుట.

ఈ యంకెలను చూచి గుండె జాఱవిడుచుకొన నక్కఱలేదు. ఏ దంపతులకైనను నూటికి ఇద్దఱు ముగ్గురు బిడ్డలు ఏదో పుట్టులోపముతో కలుగుచునే యుందురు. మేనత్తమేనమామ బిడ్డల సంతానమున దానికి మఱి యిద్దఱు చేరుదురని స్థూలముగా చెప్పవచ్చును. తక్కినవా రారోగ్యవంతులే. మా తాత మేనరికము, మా తండ్రి మేనరికము, మాకేమి లోటు అని వాదించు పెద్దమనిషి సత్యమే పలుకుచున్నాడు. ఆయన లెక్కలోనికి రానివారు పురిటిలోనే పోయిన బిడ్డలు, పలుకు రాని మేనత్త, పదియేండ్లకే చూపు పోయిన పినతండ్రి. వీరిని మనము గ్రహచారమునకో దిష్టికో వ్రాసివేసితిమి. ఇదే పెద్దమనిషి తన ఒంగోలుజాతి ఆవులమందలో ఒకే ఆంబోతును దాని కూతుళ్లమీదికి విడువడు. దూడలు గిడసబాఱునని యెఱిగి క్రొత్త ఆంబోతును తెచ్చుకొనును. సముద్రములు దాటి బ్రెజిలు దేశమున నెల్లూరి పేరుతో వర్ధిల్లిన పశుసంతతిని పెంచిన వివేకము, పెండ్లిచూపుల నాడు ఏమగుచున్నదో!

1956లో బ్రిటను, ఫ్రాన్సులు సూయజు కాలువకై ఈజిప్టుపై దాడి చేసినవి. అట్టి ప్రభుత్వమునకు ప్రజనై యుండజాలనని చాటి హాల్డేనుగారు 1957లో సతీసమేతముగా కలకత్తాకు వచ్చి, మహలనోబిసుగారి ఆహ్వానముపై భారత గణాంకశాస్త్ర సంస్థలో చేరిరి. ఖద్దరు జుబ్బా తొడిగిరి, మాంసాహారము మానిరి, 1961లో భారత పౌరసత్వము పొందిరి. బీదదేశమునకు విలువైన యంత్రములు లేకున్నను కన్నులును ఓపికయు చాలునని వారి మతము. ఒక శిష్యుడు కొబ్బరిచెట్ల ఆకుల మెలిక కుడికో యెడమకో లెక్కించి, ఆ గుణము తల్లిచెట్టునుండి సంక్రమించునది కాదని తేల్చెను.

మన ఆంధ్రులకు ముఖ్యులు పిఠాపురమున జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావుగారు. యౌవనముననే హాల్డేనుగారిని ఆశ్రయించి, మీరాఖానుగారితో గలసి ఆంధ్రదేశమున మేనరికములెన్ని, వాని ఫలితములేమి యని విచారించి, 1960 మొదలుకొని వ్యాసములు ప్రకటించిరి. ఇంతటి దగ్గఱిబంధుత్వ వివాహములు గల దేశము పరిశోధకునకు పెన్నిధి యని గురువుగారి యభిప్రాయము. ఆయన మనలను అనాగరికులని వెక్కిరింపలేదు. చట్టముచే నిషేధింపుమనియు గోరలేదు. ఐరోపాలో లోపములు గలవారిని బలవంతముగా గొడ్రాండ్రను, నపుంసకులను చేయు శాసనములు పుట్టినప్పుడు, దాగియున్న జన్యువులకు అవి తగులవని లెక్కచూపి ఖండించినవారు గదా! కృష్ణారావుగారు పురుషుల చెవులపై మొలచు వెండ్రుకలు తండ్రినుండి కొడుకునకే సంక్రమించునని చూపిన పరిశోధన చాలకాలము పాఠ్యగ్రంథములలో నిలిచినది. 2004లో దక్షిణదేశపు పురుషుల జన్యువులనే పరీక్షించి అది యట్లు కాదని తేల్చిరి. శాస్త్రమున గురుశిష్యుల మాట యైనను పరీక్షకు లోబడవలసినదే.

హాల్డేనుగారి లెక్క నేటికిని మఱియొక రూపమున మన వాకిట నిలిచియున్నది. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమువారును అమెరికా పండితులును గలసి 2017లో ప్రకటించిన పరిశోధనలో, మన కులములలో ననేకము కొద్దిమంది పూర్వులనుండి పెరిగి, తమలో తామే వివాహమాడుచు వచ్చినవని తేలినది. శస్త్రచికిత్సకు ముందు కండరములు సడలుట కిచ్చు మందు కొందఱు ఆర్యవైశ్యులకు ఎక్కువసేపు పట్టియుండుట వైద్యులు ముందే యెఱిగినది. దానికి మూల మిట్టి పూర్వుని జన్యువే. ఇది యొక కులమునకు కళంకము గాదు. ఏ కులమును వెదకినను అట్టిది మఱియొకటి దొరకును. చుట్టము గాని పిల్లనే చేసికొన్నను కులములోపలి దూరపు రక్తము దాగియుండునని దీని భావము. 1955 హిందూ వివాహచట్టము ఆచారమున్నచోట మేనరికమును నిషేధింపలేదు, మేమును నిషేధింపుమనము. కాని అటు ఏడుతరములు, ఇటు ఏడుతరములు చూడవలెనని చెప్పు పెద్దలు, ఆస్తితోపాటు ఆ తరములలో శైశవముననే పోయినవారిని, మూగచెవిటివారిని గూడ అడిగి తెలిసికొందురు గాక. రక్తపరీక్షతో దాగిన జన్యువులలో కొన్నింటిని ముందే కనుగొను సౌకర్యము నేడు నగరములలో నున్నది. జాతకముల కిచ్చు దక్షిణతో పోల్చిన ఆ ఖర్చు భరింపరానిది కాదు. అక్కకూతురి పెండ్లియైనచో ముహూర్తమునకు ముందే వైద్యుని యొద్దకు పోవుట యుచితము.

కలకత్తా సంస్థలో అభిప్రాయభేదములు కలిగి 1961లో హాల్డేనుగారు దానిని విడిచిరి. కోపము ఆయనకు పుట్టుగుణము. ఏ అధికారినైనను ముఖముననే దూషింపగలరు. 1962లో బిజూ పట్నాయకుగారి పిలుపుపై భువనేశ్వరము చేరి ఒరిస్సా ప్రభుత్వ పరిశోధనాలయమును నడపిరి. అచ్చటనే పుండొకటి ప్రేవులలో పుట్టినది. అది కేన్సరని తెలిసిన పిమ్మట ఆ జబ్బును గూర్చియే నవ్వు పుట్టించు పద్యము నొకటి వ్రాసి, లజ్జ విడిచి త్వరగా వైద్యుని చూడుడని జనులను హెచ్చరించిరి. 1964 డిసెంబరు 1వ తేదీన మరణించిరి. దహనము వలదనియు, తమ దేహమును కాకినాడ రంగరాయ వైద్యకళాశాల కిచ్చి విద్యార్థుల చదువునకు వినియోగింపవలసిన దనియు ముందే వ్రాసియుంచిరి. ఆ కళాశాల 1958లో స్థాపితమై యప్పటికి ఆఱేండ్లదే. భువనేశ్వరమునుండి దేహము కాకినాడకు వచ్చినది. బ్రతికినంతకాలము తన శరీరమును పరీక్షాశాలగా చేసికొన్న పండితుని దానిమీదనే తెలుగు బిడ్డలు శరీరశాస్త్రమును నేర్చుకొనిరి.