వృక్షశాస్త్రజ్ఞుడు కోనిగ్

విశాఖ సీమలో చోడవరము, గోవాడ మొదలగు గ్రామములందు కరివేపచెట్టు లేని పెరడు అరుదు. ఆ చెట్టు శాస్త్రనామమున ఒక యూరపు వైద్యుని పేరు నిలిచియున్నది. ఉత్తర అట్లాంటిక్ సముద్రములోని ఐస్‌లాండు దీవిలో పెరుగు ఒక చిరుమొక్కకును ఆతని పేరే కలదు. ఆతడే యోహాన్ గెర్హార్డ్ కోనిగ్.

కోనిగ్ 1728వ సంవత్సరమున, నేడు లాట్వియా అనబడు దేశమున జన్మించెను. పిదప స్వీడనుకు పోయి, మొక్కలకును జంతువులకును రెండేసి పదముల శాస్త్రనామములు ఏర్పరచిన లిన్నేయస్ పండితునకు శిష్యుడయ్యెను.

ఆ కాలమున డెన్మార్కు ప్రభుత్వము తన రాజ్యమందలి మొక్కలన్నింటిని చిత్రములతో ప్రకటింప సంకల్పించెను. ఐస్‌లాండు అప్పుడు ఆ రాజ్యములోనిదే. అందలి మొక్కలను సేకరించుటకై 1764వ సంవత్సరమున కోనిగ్ తెరచాప ఓడపై ఆ దీవికి వెళ్లెను. అది ఉత్తర ధ్రువ వలయమునకు చేరువ నున్నది. అచట ఒక వంక అగ్నిపర్వతములు, మరియొక వంక హిమరాశులు. నడి వేసవిలో రాత్రియందును పూర్తిగా చీకటి పడదు. సముద్రపు కొండచరియలపై వేలకొలది పక్షులు గూళ్లు కట్టి పిల్లలను పెంచును. మానవుడు అడుగిడక పూర్వము ఆ నేలపై నివసించిన క్షీరదము ధ్రువపు నక్క యొక్కటే.

వేసవి ముగియకమున్నే అచటి ప్రాణులన్నియు తమ పనులు ముగించుకొనవలెను. కోనిగ్ తెచ్చిన చిరుమొక్కయు అట్టిదే. కొలది అంగుళములకు మించక, కొన్ని వారములలోనే మొలచి, పూచి, గింజలు రాల్చి ఎండిపోవును. 1767లో లిన్నేయస్ దానికి తన శిష్యుని పేరు పెట్టెను.

1768లో కోనిగ్ తమిళదేశమందలి డేనుల స్థావరమగు తరంగంబాడికి వైద్యుడుగా వచ్చెను. అచటినుండి మొక్కలను గురువునకు పంపుచుండెను. 1771లో కరివేపకు కోనిగ్ పేరు చేర్చి లిన్నేయస్ ప్రకటించెను. వైద్యుని జీతము పరిశోధనలకు చాలకపోగా, కోనిగ్ 1774లో ఆర్కాటు నవాబు కొలువున చేరెను. 1778లో ఈస్టిండియా కంపెనీకి ప్రకృతిశాస్త్రజ్ఞుడై సయాము, మలక్కా ప్రాంతములను చూచి వచ్చెను.

1784లో ఆతడు విశాఖపట్టణమునకు వచ్చి, పాములను, చేపలను పరిశోధించుచున్న పాట్రిక్ రస్సెల్ వైద్యుని కలిసికొనెను. మరుసటి యేడు రక్తగ్రహణి ఆతనిని పీడించెను. సామర్లకోటలో నున్న రాక్స్‌బరో వైద్యుడు చికిత్స చేసెను, కాని ఫలింపలేదు. 1785 జూన్ నెలలో కాకినాడ చెంత జగన్నాథపురమున కోనిగ్ మరణించెను. అప్పటి కాతనికి ఏబదియారేండ్లు. ఆతని వ్రాతలలో పెక్కు అచ్చు కానే లేదు.

అయినను ఆ శ్రమ వ్యర్థము కాలేదు. కాగితములన్నింటిని లండనులోని సర్ జోసెఫ్ బ్యాంక్స్‌కు చెందునట్లు ఆతడు ఏర్పాటు చేసి యుండెను. ఆతని యుద్యోగమును రస్సెల్ స్వీకరించెను. 1795 మొదలు రాక్స్‌బరో కోరమాండల్ తీరపు మొక్కలను మూడువందల చిత్రములతో ప్రకటించి, వాని తెలుగు పేర్లనుకూడ లోకమునకు తెలిపెను. ఒకరు నాటిన విత్తనము వేరొకరి చేతిలో ఫలించుట విద్యాలోకమున సహజము. తాను ఫలము చూడలేనని పని విడువనివాడే నిజమైన శాస్త్రజ్ఞుడు.