హాడ్రియన్

హాడ్రియన్ (క్రీ.శ. 76 జనవరి 24 – 138 జూలై 10) క్రీ.శ. 117 నుండి 138 వరకు రోమన్ సామ్రాజ్యాన్ని పాలించిన చక్రవర్తి. పూర్తి పేరు పబ్లియస్ ఏలియస్ హాడ్రియానస్. గ్రీకు విద్యలపైన, ఏథెన్సు నగరంపైన అపారమైన అభిమానం గల పాలకునిగా ఇతడు ప్రసిద్ధుడు. ఇతని బంగారు నాణేలు ఆంధ్రప్రదేశ్‌లోని నెల్లూరు సమీపంలో కూడా లభించాయి.

బాల్యం, విద్య

హాడ్రియన్ కుటుంబం స్పెయిన్‌లోని ఇటాలికా పట్టణానికి చెందినది. ఇతనికి పదేళ్ళ వయసులో తండ్రి మరణించాడు. తండ్రికి జ్ఞాతి అయిన ట్రాజన్, అటియానస్ అనే మరొక ప్రముఖుడు ఇతనికి సంరక్షకులయ్యారు. బాల్యంలోనే గ్రీకు సాహిత్యంపై పెంచుకున్న మక్కువ వల్ల ఇతనికి గ్రీకులస్ అనే మారుపేరు వచ్చింది. లాటిన్ భాషలో దీనికి చిన్న గ్రీకువాడు అని అర్థం. ఈ పేరులో కొంత ఎగతాళి కూడా ఉన్నది. రోమన్లు గ్రీసును యుద్ధంలో జయించినా, విద్యలో గ్రీకులనే గురువులుగా అంగీకరించారు. అయినప్పటికీ సైన్యాన్ని నడపవలసిన కులీనుడు గ్రీకు విద్యలలో మరీ లీనమవడం తగదని పలువురు రోమన్ పెద్దలు భావించేవారు. క్రీ.శ. 112 ప్రాంతంలో ఏథెన్సు నగరం ఇతనిని ఆర్కాన్ అనే ప్రధానాధికార పదవికి ఎన్నుకొని గౌరవించింది.

చక్రవర్తిగా

117లో ట్రాజన్ మరణించే నాటికి హాడ్రియన్ సిరియా ప్రాంత పాలకుడు. ట్రాజన్ ఇతనిని నిజంగా దత్తత తీసుకున్నాడా అన్న సందేహం ఆనాడే ఉండేది. పాలన తొలి సంవత్సరంలోనే నలుగురు మాజీ కాన్సుళ్ళు మరణదండనకు గురికావడంతో సెనేటుకు ఇతనిపై ఏర్పడిన అవిశ్వాసం చివరివరకు తొలగలేదు. ట్రాజన్ తూర్పున జయించిన మెసపుటేమియా వంటి భూములను ఇతడు వదలుకున్నాడు. రాజ్య విస్తరణకు బదులు సరిహద్దుల రక్షణకు ప్రాధాన్యమిచ్చాడు. బ్రిటన్‌లో 122లో ఆరంభమైన, సుమారు 117 కిలోమీటర్ల పొడవైన గోడ ఇందుకు నిదర్శనం. పాలనాకాలంలో దాదాపు సగం ఇటలీ వెలుపల పర్యటనలలోనే గడిపాడు. గ్రీకుల వలె నిండుగా గడ్డం పెంచిన మొదటి రోమన్ చక్రవర్తి ఇతడే. తరువాతి చక్రవర్తులు కూడా ఈ పద్ధతిని అనుసరించారు.

ఏథెన్సుతో అనుబంధం

చక్రవర్తిగా హాడ్రియన్ ఏథెన్సును మూడుసార్లు సందర్శించాడు. ఎలూసిస్‌లోని రహస్య మతదీక్షను స్వీకరించాడు. క్రీ.పూ. 6వ శతాబ్దంలో పునాదులు పడి, అసంపూర్తిగా మిగిలిన జియస్ ఆలయాన్ని పూర్తి చేయించాడు. గ్రంథాలయం కట్టించి, నగరానికి నీటి కాలువను ప్రారంభించాడు. ఆలివు రైతులు తమ నూనెలో మూడవ వంతును నగరానికి అమ్మాలని శాసనం చేశాడు. గ్రీకు నగరాలను ఒకచోట చేర్చే పాన్‌హెలీనియన్ అనే సమాఖ్యను 131-132లో స్థాపించాడు.

130లో ఇతనికి ప్రీతిపాత్రుడైన ఆంటినోయస్ అనే గ్రీకు యువకుడు నైలు నదిలో మునిగి మరణించాడు. అతని పేర ఈజిప్టులో ఆంటినోపోలిస్ అనే గ్రీకు తరహా నగరాన్ని నిర్మించి, అతనికి దైవపూజలు ఏర్పాటు చేశాడు.

యూదుల తిరుగుబాటు

గ్రీకులకు వరమైన ఈ విధానం యూదులకు శాపమైంది. శిథిలమైన జెరూసలేమును ఏలియా కాపిటోలినా అనే రోమన్ నగరంగా మార్చాలని హాడ్రియన్ సంకల్పించాడు. 132లో బార్ కోఖ్బా నాయకత్వంలో యూదులు తిరుగుబాటు చేశారు. 135 వరకు సాగిన పోరులో 5,80,000 మంది హతులయ్యారని కాసియస్ డియో అనే చరిత్రకారుడు వ్రాశాడు. ఈ సంఖ్యలో అతిశయోక్తి ఉండవచ్చును గాని, జరిగిన వినాశం అపారం. అనంతరం యూదులకు జెరూసలేము ప్రవేశం నిషిద్ధమైంది. నగరాలను, సంస్కృతులను ఆదరించిన పాలకునిగా కీర్తి పొందిన హాడ్రియన్ చరిత్రలో ఇది చెరగని మచ్చ.

మరణం

దీర్ఘకాలం వ్యాధితో బాధపడి, ఆంటోనినస్ పయస్‌ను వారసునిగా దత్తత తీసుకొని, 138లో ఇటలీలోని బాయే పట్టణంలో మరణించాడు. సెనేటు ఇతనికి దైవత్వం ప్రకటించడానికి మొదట నిరాకరించినా, ఆంటోనినస్ పట్టుదలతో అంగీకరించింది.

నెల్లూరు నాణేలు

ఆంటినోపోలిస్ నుండి ఎర్రసముద్ర తీరంలోని బెరెనికే రేవు వరకు హాడ్రియన్ నీటి తొట్లు, మజిలీలు గల బాట వేయించినట్లు 137 నాటి శాసనం తెలుపుతున్నది. బెరెనికే భారతదేశంతో వర్తకం సాగించిన ముఖ్యమైన రేవులలో ఒకటి. ఈ వర్తకంలో గ్రీకు భాష విరివిగా వాడుకలో ఉండేది. మన తూర్పు తీరపు రేవులను పేర్కొన్న పెరిప్లస్, టాలెమీ భూగోళ గ్రంథం కూడా గ్రీకు భాషలోనివే.

1780లలో నెల్లూరు సమీపంలో ఒక రైతు పొలం దున్నుతుండగా నాగలికి ఇటుకల కట్టడం తగిలింది. త్రవ్వి చూడగా చిన్న ఆలయ శిథిలాలు, వాటి క్రింద రోమన్ బంగారు నాణేలు గల కుండ బయటపడ్డాయి. వాటిని పాత బంగారంగా అమ్మివేయగా చాలావరకు కరిగిపోయాయి. ముప్పైకి పైగా మాత్రం మిగిలాయి. వాటిలో ట్రాజన్, హాడ్రియన్, రాణి ఫాస్టినా నాణేలు ఉన్నాయని మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ తెలియజేశాడు. ఫాస్టినా పేర నాణేలు ముద్రించడం హాడ్రియన్ మరణానంతరమే మొదలైంది. కనుక ఈ నిధిని 138 తరువాతనే దాచి ఉండాలి. రోమన్ బంగారం ఈ తీరసీమకు చేరిన కాలాన్ని నిర్ణయించడానికి ఈ నాణేలు విలువైన ఆధారం.