సుబ్బారావు సముద్రం ఎందుకు దాటారు?

సావనీర్‌కు ఎవరైనా మహనీయుని జీవితం రాసివ్వమని యూనియన్ మిత్రులు అడగగానే నాకు తోచిన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. కారణం లేకపోలేదు. మాది పటాన్‌చెరు. అన్నయ్య అక్కడే ఒక మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. నేనేమో కెమిస్ట్రీ చదువుతూ అమెరికాకు దరఖాస్తులు నింపుతున్నాను. ఉన్న ఊరు విడిచి ఎందుకు పోవాలిరా అని అమ్మ అడుగుతుంది.

సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. ఇంట్లో లేమి. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో పోయారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ఒక ప్రొఫెసరుకు కోపం వచ్చింది. ఎం.బి.బి.ఎస్. రావలసినచోట ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారుగాని, మనసంతా పరిశోధన మీదే. దానికి ఇక్కడ దారి లేదు.

దారి ఉన్నా డబ్బేది? మామగారు కొంత ఇచ్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కొంత సాయం చేసింది. ఆ డబ్బు కూడా సముద్రం దాటి వచ్చిందే! నాయకర్‌గారు గడించింది రంగూన్‌లో. 1852లో దిగువ బర్మా ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయాక అక్కడ వరిసాగు పెరిగింది. మిల్లులకూ, రేవులకూ మనుషులు కావలసివచ్చారు. మన కోస్తా నుంచి వేలమంది ఓడలెక్కారు. ఇక్కడి కరువు తరిమింది, అక్కడి కూలి పిలిచింది. కోరంగి రేవు పేరుమీద బర్మావాళ్ళు తెలుగువాళ్ళను కోరంగీలనేవారు.

అలా 1923లో సుబ్బారావుగారు బోస్టన్ చేరారు. ఆస్పత్రిలో చిన్నాచితకా పనులు చేసుకుంటూ చదివారు. హార్వర్డులో ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. కండరాలకు శక్తినిచ్చే ఏ.టి.పి.ని గుర్తించారు. అయినా అక్కడ స్థిరమైన కొలువు దొరకలేదు. 1940లో లెడర్లే కంపెనీకి మారారు. ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్ తయారుచేసింది, బోదకాలుకు హెట్రజాన్ ఇచ్చింది, 1948లో ఆరియోమైసిన్‌ను లోకానికి అందించింది. అన్నదమ్ములను మింగిన స్ప్రూకు ఆ ఫోలిక్ ఆసిడే మందయింది.

అదే ఏడాది ఆగస్టులో, 53వ ఏట, నిద్రలోనే కన్నుమూశారు. వెళ్ళినవారు తిరిగి రానేలేదు. భార్యను మళ్ళీ చూడలేదు.

మిత్రులారా, ఆయన్ను ఇక్కడి అవమానం నెట్టింది, అక్కడి విద్య లాగింది, పరాయివారి సొమ్ము ఓడ ఎక్కించింది. ఖరీదు మాత్రం ఇంట్లో ఉండిపోయినావిడ కట్టింది. నా దరఖాస్తు ఇంకా పోస్టు చెయ్యలేదు. నన్ను నెట్టేదేమిటో, ఖరీదు ఎవరు కట్టాలో ముందు అమ్మకు చెప్పగలగాలి కదా!