అలెగ్జాండరు గ్రహాము బెల్లు

కొన్నియేండ్ల క్రిందట మేము బోరబండలోని యొక మిత్రుని యింటికి పోయియుంటిమి. ఆ యింట టెలిఫోను తీగమీదనే యింటర్నెట్టు కూడ వచ్చుచుండెను. ముందుగదిలోని టెలిఫోనుతో నే చిక్కును లేదు గాని, వంటయింటి దాపున క్రొత్తగా తగిలించిన రెండవ టెలిఫోను మ్రోగినంతనే యింటర్నెట్టు తెగిపోవుచుండెను. మాటలాడువారి చెవిలో నెడతెగని బుసబుస వినవచ్చుచుండెను. మొదటి టెలిఫోనునకును గోడకును నడుమ అగ్గిపెట్టెయంత తెల్లని పెట్టె యొకటి కలదు, రెండవదానికి లేదు. ఆ ఫిల్టరు పెట్టె నిజముగా నవసరమా, లేక అమ్మువాడు సొమ్ముకొరకు అంటగట్టునదా యని గృహస్థుడు మమ్మడిగెను. దానికి సరియైన సమాధానము టెలిఫోనును కనిపెట్టిన బెల్లు జీవితమునందే యున్నది. కావున ఆ మహాశయుని చరిత్రము నిచట వ్రాయుచున్నాము.

బెల్లు 1847వ సంవత్సరము మార్చి 3వ తేదీన స్కాట్లండునందలి ఎడింబరో నగరమున జన్మించెను. ఇతని తాతయు తండ్రియు ఉచ్చారణ నేర్పు బోధకులు. మాటలాడునపుడు నాలుకయు పెదవులును కంఠమును ఎట్లు మెదలునో తెలుపు లిపి నొకదానిని తండ్రి కల్పించి 1867లో ప్రకటించెను. తల్లికి వినికిడి మందము. ఇతరు లామె చెవిగొట్టములో బిగ్గరగా మాటలాడుచుండగా, బాలుడగు బెల్లు ఆమె నుదుటికి చేరువగా నోరుంచి మెల్లగా పలికెడువాడు. శబ్దమనునది కదలికయే యని ఆ పిల్లవానికి పుస్తకములు చదువకమునుపే తెలిసినది.

వినికిడి లేకున్నను ఆ తల్లి పియానో వాయించుటలో నేర్పరి. పియానో పాదకీలమును త్రొక్కి తీగల నన్నిటిని విడిపించి, దానిలోనికి ఒక స్వరము పాడినచో, ఆ స్వరమునకు చేరిన తీగయే మారుపలుకును, తక్కినవి ఊరకుండును. వీణయు తంబురయు నెరిగిన మనకిది వింత కాదు. బెల్లు మాత్రము దీనిని మరువలేదు.

అతని యిరువురు సోదరులును క్షయరోగమునకు బలియైరి. ఒకడు 1867లో, మరియొకడు 1870లో. మిగిలిన యీ యొక్క కొడుకునైన దక్కించుకొనవలెనని తలిదండ్రులు 1870లోనే సముద్రము దాటి కెనడాకు తరలిపోయిరి. మరుసటి యేడు బెల్లు అమెరికాలోని బోస్టను నగరమున బధిర బాలబాలికలకు ఉపాధ్యాయుడయ్యెను.

ఆ కాలమున తంతికంపెనీల కొక పెద్ద చిక్కుండెను. వార్తలు పెరిగినకొలది క్రొత్త తీగలు వేయవలసివచ్చుచుండెను. ఒక్క తీగమీద పెక్కు వార్తలు పంపగలవానికి గొప్ప ధనము లభించును. బెల్లునకు పియానో స్ఫురించెను. ఒక్కొక్క వార్తను ఒక్కొక్క స్వరముతో పంపినచో, అవతలి కొనయందు ఆ స్వరమునకు శ్రుతిచేసిన లోహపుబద్ద దానినే పట్టుకొనునుగదా! తన శిష్యుల తండ్రులు సాండర్సు, హబ్బర్డు అనువారు ధనమొసగిరి. పగలు పాఠములు, రాత్రి ప్రయోగములు. ఆరోగ్యము చెడినను అతడు మానలేదు.

1875 జూను 2వ తేదీన ఒక బద్ద అంటుకొనిపోగా, సహాయకుడగు వాట్సను దానిని వ్రేలితో మీటెను. వేరుగదిలోనున్న బెల్లు తన యంత్రమున ఆ మీటు నాదమును పూర్ణముగా వినెను. ఒక స్వరమేల, మనుష్యుని మాటనే తీగమీద పంపవచ్చునని యపుడు తెలిసినది. 1876 మార్చి 7న 174465వ నంబరు పేటెంటు లభించెను. దాని శీర్షికలో టెలిఫోను పేరే లేదు, తంతివిద్య యభివృద్ధి యని మాత్రమున్నది. మూడు దినముల తరువాత బెల్లు పిలుపును వాట్సను తీగమీద స్పష్టముగా విని పరుగెత్తివచ్చెను. ఇలీషా గ్రే మొదలగువారితో వ్యాజ్యములు చాలకాలము నడచినవి. 1888లో అమెరికా యున్నత న్యాయస్థానము బెల్లు పక్షమున తీర్పు చెప్పెను. అంతకుమున్నే, 1882 జనవరిలో, మన మదరాసునందు టెలిఫోను ఎక్స్ఛేంజి తెరువబడెను.

టెలిఫోను గెలిచినది, స్వరములవారీగా వార్తలను వేరుపరచు మొదటి యూహ మాత్రము వెనుకబడెను. లోహపుబద్దలు ఆ పనికి చాలలేదు. బెల్లు స్థాపించిన పరిశ్రమలోనే పనిచేసిన జార్జి క్యాంబెల్లు అను గణితజ్ఞుడు తీగచుట్టలను కెపాసిటర్లను జతపరచి విద్యుత్తరంగములను వడగట్టు ఫిల్టరునకు 1917లో పేటెంటు పొందెను. బోరబండ యింటిలోని పెట్టె దాని సంతతియే.

మనుష్యుని మాటకు టెలిఫోనునందు సెకనునకు 300 మొదలు 3400 కంపనములు చాలును. డీ.ఎస్.ఎల్. సమాచారము సామాన్యముగా సుమారు 25 వేల కంపనములకు పైని మొదలై 11 లక్షల వరకు పోవును. రెండును ఒక్క తీగమీద పోరాటము లేకుండ నడచును, చిక్కంతయు ఇంటిలోనే. ఫిల్టరు లేని టెలిఫోను ఆ వడిగల కంపనములను కూడ లోనికి గ్రహించి బుసబుసగా మార్చును. అది మ్రోగినపుడును ఎత్తినపుడును తీగయందు కలుగు మార్పు మోడెమును కలతపెట్టును. ఫిల్టరులోని తీగచుట్ట వడిగల కంపనముల నడ్డగించును; కెపాసిటరు వానిని ప్రక్కదారి పట్టించును; మాట మాత్రము సాగిపోవును.

కావున అదే తీగకు తగిలించిన ప్రతి టెలిఫోనునకును ఫిల్టరు కావలెను. లేదా తీగ ఇంటిలోనికి వచ్చుచోటనే స్ప్లిటరు నొకదానిని పెట్టి, మోడెమునకు వేరుదారి యిచ్చినచో చాలును. మోడెమును ఫిల్టరు వెనుక తగిలింపరాదు. తీగకు టెలిఫోనే లేనియెడలను, గాజుతంతువు మీద ఇంటర్నెట్టు వచ్చుచోటను ఈ పెట్టెతో పనిలేదు. మా మిత్రుడు రెండవ ఫిల్టరు తెచ్చి తగిలించెను, బుసబుస మానినది.

బెల్లు 1877లో తన పూర్వశిష్యురాలగు మేబెల్ హబ్బర్డును వివాహమాడి, కంపెనీలో తన వాటాలను పదింటిని మాత్రముంచుకొని తక్కినవన్నియు నామెకు కానుకగా నిచ్చెను. ఐదేండ్ల వయస్సున జ్వరముచే వినికిడి కోల్పోయిన ఆ యిల్లాలికి భర్త కనిపెట్టిన యంత్రము పలుకుట వినుభాగ్యము లేకపోయెను. చూపును వినికిడియు లేని హెలెను కెల్లరు తండ్రి 1886లో బెల్లును దర్శింపగా, ఆతని సలహావలననే ఆ బాలికకు మరుసటి యేడు గురువు లభించెను.

ఐనను ఒక మాట దాచరాదు. బధిరుల చేతిసైగల భాషను పాఠశాలలనుండి తొలగింపవలెనని బెల్లు పట్టుపట్టెను. వారిలో వారు పెండ్లాడుట కూడదనియు వ్రాసెను. దానివలన పెక్కుమంది పిల్లలకు తమ సహజభాష దూరమయ్యెను. తల్లి నుదుటికడ మెల్లగా పలికిన బాలుడు ఇట్లు తలచుట మాకు వ్యసనము కలిగించుచున్నది.

1922 ఆగష్టు 2వ తేదీన కెనడాలోని తన కొండమీది గృహమున బెల్లు మరణించెను. మేబెల్ ప్రక్కనే యుండెను. రెండు దినముల తరువాత అంత్యక్రియలు జరుగునపుడు ఉత్తర అమెరికాయందలి టెలిఫోనులు ఒక నిమిషము నిశ్శబ్దముగా నుండెను.