షుజెంజి సత్రములో ముప్పది నిమిషములు

రోహిణీకార్తెలో మా కోవూరున వేడినీళ్ల స్నానము మాట ఎత్తినవానిని పిచ్చివానినిగా చూతురు. పెన్న యిసుకలో చెలమ త్రవ్వి చల్లని నీరు తోడుకొనుటయే మాకు భోగము. కావున, జపాను దేశమున జనులు డబ్బిచ్చి, కొండలెక్కి, భూమినుండి పొగలు గ్రక్కుచు వచ్చు నీటిలో మెడవరకు మునిగి కూర్చుందురని నేను తరగతిలో చెప్పినపుడు విద్యార్థులు నవ్విరి. మన తెలుగునాట అట్టి నీరు లేకపోలేదు. భద్రాచలము చేరువనున్న గుండాలలో గోదావరి యిసుక త్రవ్వినచో వేడినీరు ఊరును. కాని దానిచుట్టును మనకొక సాహిత్యము పెరుగలేదు, జపానులో పెరిగినది. ఆ దేశపు నవలాకారులలో అగ్రగణ్యుడైన నత్సుమె సోసెకి జీవితము అట్టి కొండసత్రమొకదానిలో ఒకమారు ముగిసి, మరల మొదలయ్యెను. అతడును మనవలె బడిపంతులుగా బ్రతుకు ప్రారంభించినవాడే.

సోసెకి 1867 ఫిబ్రవరి 9వ తేదీన ఎడో నగరమున జన్మించెను. మరుసటి సంవత్సరమే ఆ నగరమునకు టోక్యో యను పేరు వచ్చినది. తలిదండ్రులు పెట్టిన పేరు కిన్నొసుకె. వయసు మీరిన పిదప కలిగిన సంతానమగుటచే వారికి ఆ బిడ్డ బరువుగానే తోచెను. పాతసామానులమ్ముకొను దంపతులకు పెంపకమునకిచ్చిరి. వారు రాత్రి అంగడిలో వీధిప్రక్కన సామానుల నడుమ ఒక బుట్టలో శిశువును పరుండబెట్టి యుండగా, అటు పోవుచున్న అక్క చూచి జాలిపడి యింటికెత్తుకొని వచ్చినదట. తరువాత షియొహరా యను వారికి దత్తునిగా నిచ్చిరి. ఆ దంపతులు తగవులాడి విడిపోవుటతో, సుమారు తొమ్మిదవయేట బాలుడు పుట్టినింటికే తిరిగి వచ్చెను. కాని కన్నవారిని తాతయు అవ్వయు నని తలచెను. ఎవరును కాదనలేదు. ఒకరాత్రి పరిచారిక యొకతె చీకటిలో అతని ప్రక్కకు వచ్చి, వారు నీ తలిదండ్రులే సుమా యని చెవిలో చెప్పిపోయినది. నిజము తెలిసినందుకంటె, ఆమె తనపై దయతలచినందుకే ఎక్కువ సంతోషించితినని అతడు పెద్దవాడైన పిదప వ్రాసికొనెను. ఆమె పేరును ముఖమును అతనికి గుర్తులేవు.

విశ్వవిద్యాలయమున ఆంగ్లసాహిత్యము చదివి 1893లో పట్టము పొందెను. చదువుకొను దినములలోనే హైకూ కవితను సంస్కరించిన మసఓకా షికితో గాఢమైన స్నేహము కలిగినది. సోసెకి యను కలముపేరు 1889 నాటిది. రాతిపై తల వాల్చి సెలయేట నోరు కడుగుకొందునని చెప్పబోయి, నోరు రాతితో కడుగుకొందునని తారుమారుగా పలికి, తప్పొప్పుకొనక దానినే సమర్థించుకొన్న ఒక చీనా పెద్దమనిషి కథనుండి పుట్టిన పేరది. మంకుపట్టు గలవాడని తాత్పర్యము. పేరు సార్థకమే.

1895లో మత్సుయామా పట్టణమున మాధ్యమిక పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను. ఆ యూరి చెంతనే దోగొ ఉష్ణకుండములు కలవు. అక్కడి స్నానశాలకు అతడు ఇష్టముతో పోవుచుండెను. 1906లో వ్రాసిన 'బొచ్చాన్' నవలలో ఆ యనుభవము నవ్వుల పంటయైనది. కథానాయకుడైన క్రొత్త పంతులు ఎఱ్ఱని తువ్వాలు పట్టుకొని దినదినము స్నానమునకు పోవును. ఎవరును లేనపుడు తొట్టిలో ఈదును. కొలదిదినములలో ఈతకూడదను ప్రకటన అచట వెలయును, తరగతిలో నల్లబల్లపై కూడ అదే కనబడును. చిన్నయూరిలో పంతులు ఏమి తినెనో ఎక్కడ మునిగెనో పిల్లలకు తెలియకుండుట సాధ్యమా? మన యుపాధ్యాయులకు వేరుగ చెప్పనక్కరలేదు.

1896లో కుమమోటో ఉన్నతపాఠశాలకు మారి, ఆ యేడే క్యోకో యను నామెను వివాహమాడెను. 1897 చివర సహోద్యోగితో కొండదారి నడచి ఒఅమా ఉష్ణకుండములకు పోయి బస చేసెను. 1906లో వెలువడిన 'కుసమకుర'లోని చిత్రకారుని సత్రము ఆ బసనుండి పుట్టినదే. 1900లో ప్రభుత్వము లండనుకు పంపగా, అక్కడ పేదరికముతో, ఒంటరితనముతో రెండేండ్లు గడపెను. అతనికి మతి చలించినదను వదంతి స్వదేశము చేరెను. అతడచట నుండగనే 1902లో షికి మరణించెను. తిరిగి వచ్చి టోక్యో విశ్వవిద్యాలయమున లఫ్కాడియో హెర్ను స్థానమున ఉపన్యాసకుడయ్యెను. 1905లో ఒక పిల్లి చెప్పిన కథగా వ్రాసిన నవల దేశమంతటను పేరు తెచ్చినది. 1907లో ఆ యుద్యోగమును వదలి అసాహి దినపత్రికలో నవలలు వ్రాయుటకు కుదురుకొనెను. చేతికందనున్న ఆచార్యపదవిని కాదని పత్రికకు పోవుట ఆనాటి పెద్దలకు వింతయైనది.

అతని శత్రువు కడుపులోనే యుండెను. 1910 వేసవిలో జీర్ణకోశమున పుండున్నదని నగయో వైద్యశాలలో చేర్చిరి. కొంత తేరుకొని ఆగస్టు 6వ తేదీన ఇజు ద్వీపకల్పములోని షుజెంజి గ్రామము చేరి, కికుయా యను సత్రమున దిగెను. మిత్రుడును శిష్యుడునగు తొయొజో రాజకుటుంబీకుని పరివారమున అచ్చటికి వచ్చుచుండుట ఈ ప్రయాణమునకు కారణము.

షుజెంజి కొండల నడుమ కత్సురా యేటి యొడ్డున నున్నది. 807లో కోబో దైషి యను బౌద్ధాచార్యుడు అచట ఆలయము స్థాపించెనని చెప్పుదురు. రోగియైన తండ్రిని చల్లని యేటనీట కడుగుచున్న బాలుని చూచి, ఆయన చేతి వజ్రముతో రాతిని కొట్టగా వేడినీరు ఉబికినదని స్థలపురాణము. అట్టి బసను వారు 'ర్యోకన్' అందురు. సత్రమని అనువదింపవచ్చును గాని, మన సత్రము ధర్మమునకు, వారిది వెలకు. చెప్పులు వాకిట విడువవలెను. గదిలో కుర్చీ లేదు, మంచము లేదు. నేలనిండ గడ్డిచాపలు, కాగితపు తలుపులు, గోడగూటిలో ఒక చిత్రపటము, ఒక పువ్వు. పరిచారిక భోజనము పళ్లెరములో గదికే తెచ్చును. రాత్రి పరుపు పరచి, ఉదయమున మడచి లోన పెట్టును. ఒడలు వెలుపల శుభ్రముగ కడుగుకొనిన పిదపనే వేడినీటి తొట్టిలో దిగవలెను. ఆ నీరు అందరిది, మురికి చేయరాదు.

ఇంత చక్కని చోటును సోసెకికి మేలు చేయలేదు. వచ్చిన కొలదిదినములకే నొప్పి హెచ్చెను. ఆ దినములలోనే ఘోరవర్షములు కురిసి టోక్యో ప్రాంతమంతయు వరదలలో మునిగినది. రైళ్లు నిలిచిపోయెను, ఉత్తరములు ఆలస్యమయ్యెను. భార్య వచ్చి చేరెను. పత్రికవారును వైద్యశాలవారును మనుష్యులను పంపిరి. ఆగస్టు 24వ తేదీన టోక్యోనుండి వచ్చిన వైద్యుడు పరీక్షించిన కొన్ని గంటలకే, రాత్రి, సోసెకి విస్తారముగ నెత్తురు కక్కెను. అది భార్య దుస్తులపై చిందెను. నాడి అందలేదు. వైద్యులు కర్పూరపు సూదిమందులు వరుసగా ఇచ్చిరి. సుమారు ముప్పది నిమిషములు అతడు లోకమున లేడు.

విచిత్రమేమనగా, అతనికది తెలియదు. ప్రక్కకు ఒత్తిగిలితిననియు, వెంటనే పళ్లెములో నెత్తురు చూచితిననియు మాత్రమే జ్ఞాపకము. నడుమ అరగంట గడచినదని భార్య తరువాత చెప్పగా నిర్విణ్ణుడయ్యెను. మృత్యువు తెరతీయు ననుకొన్నవానికి తెరయే కనబడలేదు. తెలివి వచ్చుసరికి వైద్యులిరువురు చెరియొక మణికట్టును పట్టుకొని, రోగికి తెలియదనుకొని జర్మను భాషలో ఆశ వదలుకొనుచుండిరి. పిల్లలను చూపుద మనుకొనిరి. అతనికి ఆ భాష తెలియును. పిల్లలను చూడ నక్కరలేదని కన్నులు తెరచి గట్టిగా చెప్పెను. పేరులోని మంకుతనము మరణశయ్యపైనను విడువలేదు.

పిమ్మట నెలన్నరకు పైగా కదలక పడియుండెను. చాలకాలముగ మానియున్న చీనా పద్యరచన మరల చేతికి వచ్చినది, హైకూలును వచ్చినవి. లోకమును అనుమానముతో చూచుటకు చిన్ననాటనే అలవడిన మనిషి. అట్టివానికి ఇప్పుడు వైద్యులు, దాదులు, శిష్యులు, పత్రికా మిత్రులు, ఏనాడును చూడని పాఠకులు రేయుంబవళ్లు తనకై ఆరాటపడుట కనబడెను. తీరికలేని ఈ లోకము ఇంత తీరికచేసికొని తన్ను బ్రతికించినదని ఆశ్చర్యపడెను. చీకటిలో చెవి చెంతకు వచ్చిన ఆ పరిచారిక దయయే ఇప్పుడు పదిమంది రూపమున వచ్చినదని నాకు తోచును, అతడట్లు వ్రాయలేదు.

అక్టోబరు 11వ తేదీన డోలీపై మోసికొని వచ్చి టోక్యో చేర్చిరి. అక్కడ మరియొక దెబ్బ కాచుకొని యుండెను. తన కొరకు వైద్యుని పంపి, కావలసినన్ని దినములు ఉండుమని చెప్పిన వైద్యశాలాధిపతి నగయో సెప్టెంబరులోనే మరణించియుండెను. రోగి కలత చెందునని దాచిరి. మంచముపై చదువుచుండిన తత్త్వగ్రంథమును రచించిన విలియం జేమ్సు కూడ, తాను నెత్తురు కక్కిన రెండవనాడే అమెరికాలో కన్నుమూసెను. చావవలసిన తాను బ్రతికి, బ్రతుకవలసినవారు పోయిరన్న ఆ బరువుతోనే షుజెంజి జ్ఞాపకములను అసాహి పత్రికలో వ్రాసెను.

1911లో విద్యాశాఖవారు 'డాక్టరు' పట్టమును ప్రకటింపగా వలదని త్రిప్పిపంపెను. పట్టముకొరకు నిద్రలు మానుకొను మావంటివారికి ఇది మింగుడుపడని సంగతి. ఆ సంవత్సరాంతమున పసికూతురు చనిపోయినది. 1914లో 'కొకొరొ' వచ్చినది. కడుపునొప్పి మాత్రము మరల మరల వచ్చుచునే యుండెను.

1916 ఆరంభమున యుగవరా ఉష్ణకుండములలో కొన్నాళ్లుండి వచ్చి, ఆ మేనెలలో 'మెయిఅన్' అను నవలను పత్రికలో ప్రారంభించెను. అందలి నాయకుడు త్సుదా శస్త్రచికిత్స చేయించుకొని, తేరుకొనుటకు ఒక కొండసత్రమునకు పోవును. రాత్రి స్నానశాలనుండి వచ్చుచు దారితప్పి, నిర్జనమైన వసారాలలో తిరుగుచు, అద్దములో తన మొగమునే చూచి అన్యుడనుకొని ఉలికిపడును. ఒకనాడు తన్ను విడిచిపోయిన కియోకో ఆ సత్రముననే యుండును. మరునాడు ఆమె గదిలో మాటలాడి, ఆమె చిరునవ్వు వెనుకనున్న అర్థము తేల్చుకొనలేక త్సుదా తన గదికి మరలును. అది 188వ భాగము. 1916 డిసెంబరు 9వ తేదీన, నలువది తొమ్మిదవయేట సోసెకి మరణించెను. అతడు పోయిన కొన్ని దినముల వరకు మిగిలిన భాగములు పత్రికలో వచ్చుచునే యుండెను. 189వ భాగము లేదు.